బెల్టులు లేని మిల్లు

పోయిన నెలలో వైట్‌ఫీల్డ్ పక్క ఒక కొత్త ఫ్యాక్టరీకి వెళ్ళాల్సి వచ్చింది. లోపలికి పోయే ముందు అక్కడొక చిన్న గది ఉంటుంది. ఒక తలుపు మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. మధ్యలో నిలబడినవాళ్ళ మీద అన్ని పక్కల నుంచీ గాలి కొట్టి, ఒంటి మీది దుమ్మంతా దులిపేస్తుంది. ఎయిర్ షవర్ అంటారు దాన్ని. ఇలాంటి గదుల్లోంచి పోయి పోయే ఇన్నేళ్ళూ జీతం తెచ్చుకున్నదాన్ని. అయినా తలుపు మూసుకున్న మరుక్షణం నా చెయ్యి దానంతటది తల వెనక్కి పోయి జడ తడుముకుంది. జడ ఇప్పుడు లేదు, జుట్టు మెడ దాకా కత్తిరించుకుని చాలా కాలమైంది. నాతో వచ్చిన కుర్ర ఇంజినీరు పిల్ల నా ముఖం చూసి, "మేడమ్, మీకు ఇరుకు గదులంటే భయమా?" అని అడిగింది. "గదులంటే కాదమ్మా, మా అవ్వంటే," అన్నాను. మర్యాదస్తురాలు, ఇంకేమీ అడగలేదు. ఆ పిల్ల అడిగి ఉంటే చెప్పి ఊరుకునేదాన్ని. అడగలేదు కాబట్టి ఇప్పుడు మీరు వినాల్సి వస్తోంది.

మా ఇల్లు చిక్కపేటలో, దుకాణాల వెనక సందులో ఉండేది. నాయన ఒక పట్టుచీరల హోల్‌సేల్ అంగడిలో పని చేసేవాడు. పొద్దంతా చీరలు విప్పడం, సాయంత్రం మడవడం. ఆయన మాట్లాడేది తక్కువ, మడిచేది ఎక్కువ. మా అమ్మా, అక్కా ఇంట్లో చాప మీద కూర్చుని ఆ చీరల కొంగులకు కుచ్చులు కట్టేవాళ్ళు. ఇల్లంతా కొత్త పట్టు వాసన, గంజి వాసన, మధ్యాహ్నం అయితే రాగి సంగటి వాసన. అన్నంలో ఒక పట్టుపోగు రాకపోతే ఆ పూట ఏదో తక్కువైనట్టు ఉండేది. అక్క పదో తరగతితో చదువు ఆపేసి చాప మీదికి వచ్చింది. ఆమె పక్కన ఇంకొకరు కూర్చునేంత చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆ ఖాళీని చిమ్మేటప్పుడల్లా అమ్మ ఒకసారి నా వైపు చూసేది. నాకు దయ్యాలంటే భయం ఉండేది కాదు, ఆ చాప అంటే ఉండేది.

ఇంటికి అధికారి మా అవ్వ, నాయనకు తల్లి. మడకశిర పక్కనించి పెళ్ళై వచ్చిన మనిషి. ఆమె వృత్తి ఏమిటని అడిగితే, విభూతి చేయడం అని చెప్పాలి. మార్కెట్లో దొరికే విభూతిని ఆమె సున్నం కింద జమకట్టేది. పేడ తెప్పించి, మిద్దె మీద ఎండబెట్టి, ఊక మధ్య పెట్టి కాల్చి, ఆ బూడిదను నాయన అంగడి నుంచి తెచ్చిన మల్లు గుడ్డలో వేసి జల్లించేది. ఒకసారి కాదు, చెయ్యి పెట్టి చూస్తే ఉందో లేదో తెలియనంత మెత్తగా అయ్యేదాకా. మా గడప దాటేవాళ్ళెవరైనా సరే, నుదుట మూడు గీతలు పడాల్సిందే. గ్యాసు సిలిండరు తెచ్చేవాడు కూడా మా ఇంటి నుంచి భక్తుడిగా బయటికి పోయేవాడు.

నేను కాలేజీలో చేరిన ఏడాదే మా కాలేజీకీ ఒక కంపెనీకీ ఒప్పందం జరిగింది. ఊరి బయట ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, పని తెలిసిన మనుషులు చాలడం లేదు. మా ఆడపిల్లల కాలేజీలో మనుషులు బోలెడంత మంది ఉన్నారు, పని తెలిసినవాళ్ళు లేరు. ఈ రెండు లోట్లనూ కలిపితే ఒక మంచి జరుగుతుందని మా ప్రిన్సిపాల్‌కూ, ఒక కంపెనీవాళ్ళకూ ఒకేసారి తోచింది. మూడు రోజులు క్లాసు, మూడు రోజులు ఫ్యాక్టరీ. పాఠాలు సగం మా వనజ మిస్ రాసింది, సగం కంపెనీ ఇంజినీరు ప్రసాద్ గారు రాశారు. ఏడాది చివర పాసైనవాళ్ళను కంపెనీ ఉద్యోగంలోకి తీసుకుని, సాయంత్రం డిప్లొమా కూడా తనే చదివిస్తుంది. పన్నెండు మందిమి ఎంపికయ్యాం. ప్రారంభోత్సవం నాడు వేదిక మీద అందరూ మా భవిష్యత్తు గురించి మాట్లాడారు. అంతమంది పెద్దవాళ్ళు మన భవిష్యత్తు గురించి అంత సంతోషంగా మాట్లాడుతుంటే ఎవరికైనా భయం వేస్తుంది. వనజ మిస్ మాత్రం తన భయం దాచుకోలేదు. వ్యానులో రోజూ ఒకే మాట చెప్పేది: "మిగతా కాలేజీలన్నీ మిమ్మల్నే చూస్తున్నాయి పిల్లలూ. మీరు తప్పితే, మీ వెనకాల వచ్చేవాళ్ళకి కూడా తలుపు మూసేస్తారు." ఫిజిక్స్ చెప్పే మనిషి, బరువు ఎవరి మీద పెట్టాలో తెలుసు.

అక్కడ మేం చేసేవి గాలి ఒత్తిడి కొలిచే చిన్న సెన్సార్లు. గోరంత ముక్కకు వెంట్రుక కంటే సన్నటి బంగారు తీగను మైక్రోస్కోపులో చూస్తూ అతికించాలి. (బంగారం అనగానే అవ్వ, "ఇంటికి ఒక ముక్కన్నా తేకూడదా?" అంది. ఏడాదంతా తెచ్చినా ముక్కుపుడకలో రాయి కింద పెట్టడానికి కూడా చాలదని చెబితే, అదేం కంపెనీ అంది.) ఆ గదిలోకి దుమ్ము పోకూడదు. అందుకని గాజులు వద్దు, మెళ్ళో తాడు వద్దు, పూలు వద్దు, పౌడరు వద్దు, కాటుక వద్దు, బొట్టు వద్దు, విభూతి అసలే వద్దు. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి బట్ట, కళ్ళు మాత్రం బయటికి. ఇది విన్న రోజు అవ్వ చేస్తున్న పని ఆపి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"బోసి చేతులు, బోసి మెడ, బోసి నుదురు. పైన తెల్ల గుడ్డ. పనికి పోతాండావా, కర్మకు పోతాండావా?"

"కంపెనీ రూల్ అవ్వా."

"కంపెనీకి అవ్వ లేదా?"

రెండు రోజులు అన్నం మానేసింది. మూడో నాడు ఏమనుకుందో, చాలా శాంతంగా, "సరే, నుదుట పెట్టనులే," అంది. అవ్వ అంత తేలిగ్గా ఒప్పుకోవడం మా ఇంటి చరిత్రలో లేదు. నేను అనుమానించాల్సింది. కానీ సీటు నిలిచిందన్న సంతోషంలో చరిత్ర ఎవరికి గుర్తుంటుంది!

ఫ్యాక్టరీలో నా భయాలకు ఒక వరస ఉండేది. మొదట ఎయిర్ షవర్. తలుపులు తెరుచుకోకుండా పోతే మా పన్నెండుగురినీ గాలే తినేస్తుందని. తర్వాత మైక్రోస్కోపు. అందులో నా వేలు ఏనుగు కాలిలా కనబడేది. అన్నిటి కంటే పెద్దది ప్రసాద్ గారి మౌనం. ఆయన కోస్తా మనిషి. ప్రతి పిల్లనూ 'మీరు' అనేవారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు, వెనక నిలబడి "ఊఁ" అనేవారు. తిట్లకు అలవాటు పడిన ప్రాణాలు మావి, ఆ ఊఁ ని తట్టుకోలేకపోయేవి. నాకు రెండు కుర్చీల అవతల షబీనా కూర్చునేది. శివాజీనగర్‌లో వాళ్ళ నాన్న గడియారాలు బాగు చేస్తాడు. ఆమె చేతులు ఎప్పుడూ నిద్రపోతున్నంత నిదానంగా ఉండేవి. ఆమె వెనక ప్రసాద్ గారు ఊఁ అనడం నేను వినలేదు. వింతేమిటంటే, నా చెయ్యి కూడా వణికేది కాదు. అంత భయంలోనూ పని దగ్గర కూర్చోగానే లోపల ఏదో కుదుటపడేది. నా గొప్పే అనుకున్నాను.

అంతా కుదురుగా ఉందనుకునే సమయానికి సరుకు వెనక్కి రావడం మొదలైంది. సెన్సారు మూత కింద ఏదో నలుసు ఉంటోందని. ప్రసాద్ గారు ఆ నలుసును పెద్దగా ఫోటో తీయించి క్లాసుకు పట్టుకొచ్చి, నల్లబల్ల మీద అంటించారు. బూడిద రంగు రాయిలా, అంచున గాజు పెంకులాంటి సన్నటి పుల్లలతో ఉంది.

"ఇది మన గదిలో పుట్టింది కాదండి. బయటి నుంచి ఎవరితోనో వస్తోంది. ఎవరితో అని నేను అడగను, ఏమిటో మీరే కనుక్కోండి. మీ ఇళ్ళలో ఉండే పొడులన్నీ తలా కొంచెం తీసుకురండి, చూద్దాం. ఇది కూడా పాఠమే," అన్నారు.

ఆయనకు పాఠం. మాకు పోలీసు ఎంక్వయిరీ. నా చుట్టూ పదకొండు ముఖాలు ఒక్కసారే తెల్లబోయాయి. ఆ వారం మేం తెచ్చిన పొట్లాలతో ఒక చిల్లర అంగడి పెట్టొచ్చు. ముగ్గుపిండి, సున్నిపిండి, పసుపు, ముఖానికి రాసే పౌడర్లు మూడు రకాలు, షబీనా తెచ్చిన, కళ్ళకు పెట్టుకునే సుర్మా, మిగతా అందరి ఇళ్ళ విభూతీ. ఎవరి పొడి వాళ్ళే మైక్రోస్కోపు కింద పెట్టి ఫోటోతో పోల్చుకోవాలి. ఒక్కొక్కతే కళ్ళు ఆనించి, చూసి, ఊపిరి వదిలి లేస్తోంది. షబీనా లేచి నా చెవిలో, "సుర్మా నిర్దోషి," అంది. నా వంతు వచ్చింది. అవ్వ విభూతి పెట్టి, చక్రం తిప్పి, మసక పోగానే చూశాను. బూడిద రంగు రాళ్ళు. అంచున గాజు పుల్లలు. మిగతా వాళ్ళు తెచ్చిన అంగడి విభూతిలో ఆ పుల్లలు లేవు. ఊకలో కాల్చినదానికే ఉంటాయని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసిందల్లా ఒకటే. మా ఇంటి చాప మీద, అక్క పక్కన, ఆ చోటు.

"ఏమే పద్మా, ఏం కనిపిస్తోంది?" అంది వనజ మిస్.

చెప్పాలా వద్దా అని ఆలోచించే తెలివి నాకుంది. కానీ నా నోరు నా కంటే ముందు, "ఇదే మిస్," అనేసింది.

మిస్ వంగి చూసింది. తర్వాత ప్రసాద్ గారు చూశారు. ఊఁ అన్నారు.

"సార్, నేను పెట్టుకోను సార్. అవ్వ మీద ఒట్టు. ఇంట్లో ముఖం కడుక్కుంటాను, ఇక్కడ మళ్ళీ కడుక్కుంటాను."

"మీరు అబద్ధం చెబుతున్నారని నేననలేదండి. కానీ ఇది లోపలికి ఎలా వస్తోందో తేలేదాకా మిమ్మల్ని లోపలికి పంపలేను. సోమవారం పై వాళ్ళు అడుగుతారు. తేలకపోతే మీ ఒక్కరితో ఆగదు, ఈ ఏర్పాటే వద్దంటారేమో." పైనున్నవాళ్ళకు కూడా పైన ఎవరో ఉంటారని, వాళ్ళూ భయపడతారని నాకు తెలిసింది ఆ రోజే. దాని వల్ల ధైర్యం రాలేదు. భయం ఇంకా పైకి పాకింది, అంతే.

ఆ ఆదివారం ఎలా గడిచిందో చెప్పలేను. సోమవారం పొద్దున ఎప్పటిలాగే అవ్వ ముందు వీపు పెట్టి కూర్చున్నాను. చిన్నప్పటి నుంచీ నా జడ అవ్వే వేసేది. నూనె రాసి, చిక్కు తీసి, మూడు పాయలు చేసి, నోట్లో ఏదో గొణుక్కుంటూ అల్లేది. మధ్యలో తల తిప్పితే దువ్వెనతో నెత్తిన ఒకటి పడేది, కాబట్టి ఎప్పుడూ తిప్పలేదు. ఆ రోజు ఆమె చెయ్యి పాయ పాయకూ ఒక క్షణం ఆగడం తెలిసింది. ఎప్పుడూ ఆగేదే, ఆ రోజు తెలిసింది. దెబ్బకు సిద్ధపడి తిరిగాను. అవ్వ పిడికిలి మూసేసింది.

"ఏందవ్వా అది?"

"ఏం లేదు, తిరుక్కో."

"చేతిలో ఏముండాది?"

"చెయ్యే ఉండాది."

వేళ్ళు విడదీశాను. చిటికెడు విభూతి. రోజూ జడ లోపల, పాయకొక చిటికెడు పెట్టి అల్లేస్తోంది. టోపీలో దూర్చడానికి నేను ఆ జడను చుట్టగా చుట్టినప్పుడల్లా అది రాలుతోంది.

"పెట్టనంటివి కదా!"

"నుదుట పెట్టనంటి. పెట్టలే. మెళ్ళో తాడు తియ్యమనిరి, తీస్తిమి. జడ లోపల వద్దని ఎవురన్నా చెప్పినారా?"

వాదనలో లోపం లేదు. నేను ఏడుస్తూ అరిచాను. నా సీటు పోతుందని, చాప మీదికి వస్తానని, అందరి నోట్లో మట్టి కొట్టిందని. అమ్మా అక్కా కుచ్చులు వదిలేసి చూస్తున్నారు. అవ్వ దువ్వెన కింద పెట్టింది.

"మీ తాత మిల్లులో పని చేస్తాండె," అంది. "ఆ పొద్దు సైరను కూసిందని ఈబూది పెట్టించుకోకుండా పరిగెత్తినాడు. నేను చేతిలో పట్టుకోని వాకిట్లో నిలబడినా. పొద్దు గూకక ముందే మోసుకోని వచ్చినారు. బెల్టు లాక్కునిందంట. నువ్వు సీటు పోతాదంటాండావు. సీటేనా పొయ్యేది?"

తాత మిల్లులో పోయాడని మాకు తెలుసు. అవ్వ చేతిలో విభూతి మిగిలిపోయిందని ఎవరికీ తెలియదు. నేను కుళాయి దగ్గరికి పోయి తల కడుక్కున్నాను. అవ్వ వచ్చి చెంబుతో నీళ్ళు పోసింది.

తడి జుట్టుతో పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. వనజ మిస్ నుదురు పట్టుకుంది. ప్రసాద్ గారు, "విదేశంలో ఉన్న కస్టమర్‌కి దీన్నెలా రాయాలో నాకు తెలియడం లేదండి," అన్నారు. తర్వాత, "మీరు మానేస్తే సరిపోదు. ఆవిడ మానాలి. రేపు మీ అవ్వగారిని ఒకసారి తీసుకొస్తారా?" అని అడిగారు. అవ్వగారు అని మర్యాదగా పిలిపించి జైల్లో వేస్తారని మా ఇంట్లో అందరం నిర్ధారించుకున్నాం. అవ్వ మాత్రం ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, మా వ్యానులో ముందు సీటులో కూర్చుంది.

"రండమ్మా, కూర్చోండి. కాఫీ తీసుకుంటారా?" అన్నారు ప్రసాద్ గారు.

"కాఫీ ఉండనీప్పా. బెల్టులు యాడ ఉండాయి?"

"బెల్టులు లేవమ్మా."

"బెల్టు లేని మిల్లు యాడన్నా ఉండాదా?"

"మీరే చూడండి. చూశాక, విభూతి పెట్టాలనిపిస్తే పెట్టండి. అప్పుడు మీ మనవరాలు ఇంటి దగ్గరే ఉంటుంది. నేనేమీ అనను."

"చూసినాక చెప్తా," అంది అవ్వ.

మా గదికి ఒక పక్క వరండా, మధ్యలో పెద్ద అద్దం. అవ్వను అక్కడ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. లోపల నేను కుర్చీలో కూర్చుని, మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి, తీగ పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నా చెయ్యి ఎందుకు వణకలేదో. జడ పాయల్లో ఏముందో నాకు తెలియకపోయినా జడకు తెలుసు కాబోలు. ఆ పొద్దు తల మీద ఏమీ లేదు. ఏనుగు కాలంత నా వేలు గజగజలాడింది. తీగ తెగింది. ఇంకొకటి తీశాను, అదీ తెగింది. గదిలో లాగే బెల్టు ఏదీ లేదని తెలుసు, అయినా ఏదో నా కొంగు పట్టుకుని లాగుతున్నట్టే ఉంది. కొంగు లేని బట్టల్లో! అవ్వ చూస్తోంది, ఈ వణుకు చూసి తీరుతుంది, చూస్తే ఇక నన్ను ఇక్కడికి పంపదు. చివరికి కళ్ళు ఎత్తి అద్దం వైపు చూశాను.

అవ్వ లేచి నిలబడింది. ముక్కు అద్దానికి ఆనించింది, పెదాలు కదులుతున్నాయి. పన్నెండు తెల్ల బట్టల్లో, పన్నెండు జతల కళ్ళల్లో తన మనవరాలెవరో ఆమెకు తెలియలేదు. తెలియకపోయినా ఒకరిని ఎంచుకుంది. ఆమె చూపంతా షబీనా మీద ఉంది. తాతకు పెట్టలేకపోయినదంతా, నాకు దొంగతనంగా పెట్టినదంతా, ఇప్పుడు ఏ పొడీ లేకుండా అద్దంలోంచి షబీనా తల మీద గుమ్మరిస్తోంది. నేను చెయ్యి ఊపకూడదు, చేతులు బల్ల మీంచి ఎత్తకూడదని రూలు. షబీనాకు ఎప్పుడు తెలిసిందో గానీ, ఆమె తల ఎత్తలేదు. ఇంకొంచెం నిటారుగా కూర్చుని, తీగ తర్వాత తీగ, నిద్రపోతున్నంత నిదానంగా అతికించుకుంటూ పోయింది.

మధ్యాహ్నం మేం బయటికి వచ్చేసరికి అవ్వ ప్రసాద్ గారి ఎదురుగా కాఫీ తాగుతోంది.

"చూసినాప్పా. బెల్టులు లేవు. మా పిల్ల చెయ్యి చూసినా, ఒక్క తూరి కూడా వణకలే. ఈబూది అక్కర్లేదులే," అంది.

ప్రసాద్ గారు నా వైపు చూశారు. నా తెగిన తీగలను చూడకుండా ఉండే మనిషి కాదు ఆయన. ఊఁ అన్నారు. ఆ ఊఁ కి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. నా సీటు మాత్రం ఉండిపోయింది. నలుసు రావడం ఆగింది, మరుసటి ఏడాదికి ఇంకో రెండు కాలేజీలు ఆ ఒప్పందంలో చేరాయి, దేవనహళ్ళి నుంచి కూడా పిల్లలు వచ్చారు.

ఇప్పుడు అలాంటి ఒప్పందాల మీద సంతకాలు పెట్టేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అన్నీ పద్ధతిగా జరుగుతున్నాయి. పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది, కంప్యూటర్ వస్తుంది, తమ వెనక నిలబడి ఎవరైనా ఊఁ అంటే ఏమిటండీ అని అడిగే ధైర్యమూ వస్తుంది. ఇబ్బందులు ఏవేవి రావచ్చో ముందే రాసుకుంటాం. కరెంటు, ట్రాఫిక్, హాజరు. ఇంట్లో ఎవరు భయపడుతున్నారు, ఎందుకు భయపడుతున్నారు అని అడిగే అలవాటు మాత్రం లేదు. ఆ రోజుల్లో ఒక ఇంజినీరు ఒక ముసలమ్మకు కుర్చీ వేయించి చూపించాడు. ఈ రోజు అదే పని చేయాలంటే భద్రతా విభాగం నుంచి, నా నుంచి, నా పైవాళ్ళ నుంచి అనుమతి కావాలి. నేనే ఇస్తానా అంటే, చెప్పలేను. నాకూ పైన ఎవరో ఉన్నారు.

ఆ సాయంత్రం తిరుగు వ్యానులో అవ్వ ముందు సీటులో కూర్చుని, నేను ఎంత గట్టిదాన్నో డ్రైవరుకు చెబుతోంది. నేను వెనక, మోకాళ్ళ మధ్య చేతులు దాచుకుని కూర్చున్నాను. అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి. షబీనా నా పక్కకు జరిగి, గొంతు తగ్గించింది.

"మీ అవ్వ పొద్దున్నించి నన్నే దీవించింది. వాపస్ ఇచ్చేయమంటావా?"

"వద్దు, ఉంచుకో," అన్నాను. "రేపటి నుంచి నా పక్క కుర్చీలో కూర్చో, చాలు."